నిలుపు కాలం

గోరింటాకు పెట్టుకుని రమ్మని ఏ డాక్టరైనా చెప్పడం దమయంతి ఎప్పుడూ వినలేదు. డాక్టర్ మృదుల చెప్పింది.

"పది గోళ్లకీ పెట్టుకోండి. గోరు పుట్టే చోటు దాకా పండాలి. ఎక్కడా తెల్లగా కనిపించకూడదు."

అందుకని విశాఖపట్నం బయల్దేరే ముందు కూతురు మేఘన పెరట్లో ఆకు కోసి, రుబ్బి, తల్లి వేళ్లకు ముద్దలు పెట్టింది. మేఘనకు పదేళ్లు. పండగేమీ లేకుండా అమ్మకు గోరింటాకు ఎందుకని అడగలేదు. నానమ్మ పారమ్మ మాత్రం అడిగింది.

"ఏటే, ఆసుపత్రికెల్తూ ఈ సోకులేటి?"

"మేడంగారు పెట్టుకోమన్నారత్తా."

"నీరసానికి గోరింటాకు మందేటే? ఏ ఊరి డాక్టరమ్మే ఆవిడ?"

దమయంతి నవ్వి ఊరుకుంది. నీరసమని అత్తకు చెప్పింది తనే. ఎడమ రొమ్ములో గడ్డ ఉందనీ, అది కేన్సరనీ ఇంట్లో తెలిసింది తనకూ భర్త కూర్మారావుకూ మాత్రమే.

పెళ్లయిన దగ్గర్నుంచీ దమయంతి ఊరి చివర జీడిపప్పు మిల్లులో పప్పు మీద పొట్టు తీసే పని చేస్తోంది. కూర్మారావు అదే మిల్లులో వ్యాను నడుపుతాడు. పరీక్షల్లో జబ్బు పేరు బయటపడిన రోజు ఆమె ఇంటికి కాదు, నేరుగా మిల్లుకు వెళ్లింది. తను కూర్చునే పీటనూ, అరిగి సన్నబడిన తన చాకునూ పక్కన కూర్చునే నీలవేణికి ఇచ్చేసింది.

"ఏటే, పని మానెత్తన్నావు? మీ ఆయన్ని మేనేజర్ని సేసినారేటి?" అని నీలవేణి నవ్వింది. దమయంతి కూడా నవ్వింది. 

విశాఖలోని పరిశోధనా కేంద్రానికి ఆమెను పంపింది పెద్దాసుపత్రివాళ్లే. అక్కడ డాక్టర్ మృదుల భార్యాభర్తలిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. మనిషి సన్నగా ఉంటుంది, మాట నెమ్మది. చెప్పేది చేతులతో కూడా చెబుతుంది.

"ఒంటికి కొలతలు తీసి రవిక కుడతారు కదా. అలాగే మీ గడ్డ ముక్కను చూసుకుని, మీ ఒక్కరికే సరిపడే మందు తయారు చేస్తాం. అది గడ్డను తప్ప ఇంక దేన్నీ ముట్టుకోదు. కాకపోతే తయారు కావడానికి ఈ వేసవంతా పడుతుంది."

"అందాకా గడ్డ ఊరుకుంతాదా?" అన్నాడు కూర్మారావు.

"ఊరుకోదు. మందు చేతికొచ్చేసరికి గడ్డ మారిపోతే ఆ కొలత పనికిరాదు. అందుకే దాన్ని ఉన్నచోట ఉన్నట్టు నిలిపేస్తాం."

ఆమె లేచి వాళ్లను వెనక గదిలోకి తీసుకెళ్లింది. గాజు పెట్టెలో ఒక తెల్ల ఎలుక నానబెట్టిన అటుకులు తింటోంది. వీపు మీద రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు లేవు.

"నెల కిందట గొరిగాం. చూడండి, ఇప్పుడే గొరిగినట్టు లేదూ?"

దమయంతి వంగి చూసింది. ఎలుక తోక మీద చిన్న గీరు ఉంది. ఎర్రగా, తడిగా ఉంది.

"అదీ ఆ రోజు గీరుకున్నదే. చీము పట్టకుండా రోజూ మందు రాస్తున్నాం గానీ మానదు. మానాలంటే కొత్త చర్మం పుట్టాలి. పుట్టడమే ఆపేశాం కదా."

"ఒళ్లంతానా మేడంగారూ?"

"ఒళ్లంతా. గడ్డ ఒక్కదాన్నే ఆగమనడం మాకింకా చేతకాలేదు. ఉన్నది అరుగుతూ ఉంటుంది. అరిగిన చోట కొత్తది రాదు." డాక్టరు ఆ మాట ఎలుకను చూస్తూ అంది. "రక్తం మేము ఎక్కిస్తాం. తక్కినదంతా మీరు కాపాడుకోవాలి."

కాపాడుకోవడం ఎలాగో ఇద్దరికీ రెండుసార్లు చెప్పింది. జావ, మజ్జిగ తప్ప ఏమీ తినకూడదు. కారం, ఉప్పు నాలుకకు తగలకూడదు. పళ్లు మెత్తటి గుడ్డతో తుడుచుకోవాలి. ఎండ, పొయ్యి, చాకు, చీపురు దగ్గరకు పోకూడదు. నీళ్లు పోసుకుని గుడ్డ అద్దుకోవాలి తప్ప ఒళ్లు రుద్దుకోకూడదు. ఆమెను ఎవరూ గట్టిగా పట్టుకోకూడదు.

ఆ చివరి మాటను కూర్మారావు తనకు తోచినట్టు అర్థం చేసుకున్నాడు. దమయంతి గోరింటాకు పండిన గోళ్లతో వెళ్లి నిలుపు సూది వేయించుకుని ఇంటికి రాగానే అతను తన మంచం వసారాలోకి మార్చుకున్నాడు. తలుపు అంచులకు, మంచం కోళ్లకు పాత పంచె చింపి చుట్టాడు. మజ్జిగ గ్లాసు భార్య చేతికివ్వకుండా కింద పెట్టి వెనక్కి జరిగేవాడు. మేఘన తల్లి నడుం మీద కాలు వేసి పడుకునే పిల్ల. దాన్ని నానమ్మ పక్కకు పంపించాడు. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి, "అమ్మా, దూరం నుంచి సూడొచ్చా?" అని అడిగింది. దమయంతి తలూపింది. మేఘన అక్కడే కూర్చుని బడి లెక్కలు చేసుకుంది.

నిలుపు బాగానే పట్టింది. ప్రతివారం కేంద్రంలో డాక్టరు ఆమె వేళ్లను వెలుతురు కింద పెట్టి చూసేది. గోళ్ల మొదట్లో గోరింటాకు కాస్తంత కూడా పైకి జరగలేదు.

"మీలాగే ఇంకో ఇద్దరున్నారు. ఒకావిడ కొత్తావకాయకు కాయలు కొడుతూ చెయ్యి కోసుకుంది. వద్దంటే వినలేదు, తను కొట్టకపోతే ఆ ఏడు ఇంట్లో ఆవకాయ రుచిగా ఉండదట. నిలుపు తీసేయాల్సి వచ్చింది," అని ఒకసారి డాక్టరు చెప్పింది. "మీరు జాగ్రత్త. మీ మందు సగం దాకా వచ్చింది."

సగం దాకా అన్న మాట పట్టుకుని దమయంతి బతికింది. పొద్దున్నే లేచి వేలి కొసతో గడ్డను తడిమి చూసుకునేది. నిన్నటి చోటే, నిన్నటంతే. ఒక్కోసారి అది భయంగా కాకుండా వింతగా ఉండేది. దాన్నీ తననూ ఒకే గదిలో పెట్టి బయట తాళం వేసినట్టు. అది పెరగడం లేదు, తనూ పెరగడం లేదు. ఆకలి వెయ్యదు. తల దువ్వితే ఊడిన వెంట్రుక తిరిగి రాదని తల దువ్వుకోవడం మానేసింది. మధ్యాహ్నాలు గది మధ్యలో మెత్తటి పరుపు మీద కూర్చుని వీధిలో మాటలు వినేది. ఎవరో పిల్లను తిట్టేవారు, ఎవరో జడ వేసేవారు, ఎవరో ఎవరి వీపునో చరిచి నవ్వేవారు. వింటుంటే తన వీపు మీద ఏమీ లేదన్న సంగతి నొప్పిలా తెలిసేది.

పారమ్మకు ఈ వరస అంతుబట్టలేదు. ఆవిడ ఆ ఊళ్లో బాలింతలకూ పసిపిల్లలకూ నీళ్లు పోసే మనిషి. ఏ ఇంట్లో కాన్పయినా పదో రోజు దాటేదాకా పొద్దున్నే వెళ్లి, కాళ్లు చాపుకుని, వాటి మీద బిడ్డను బోర్లా వేసుకుని నీళ్లు పోసి వచ్చేది. మేఘనకు పోసిందీ ఆవిడే. అలాంటి మనిషి ఇంట్లో కోడలు పొయ్యి దగ్గరకు రాదు, కొడుకు వసారాలో పడుకుంటాడు, పిల్ల తల్లి దగ్గరకు పోదు.

"మా కోడలు రాణీగారైపోనాదమ్మా," అని గోడవతల మనిషితో ఆవిడ అంటుంటే దమయంతి విన్నది. కాసేపటికి ఆవిడే లోపలికొచ్చి గుమ్మం దగ్గర చతికిలబడింది.

"ఒలే, నిజం సెప్పు. ఆడేటైనా అన్నాడా? నువ్వేటైనా అన్నావా? నేకపోతే అంటురోగమేటైనా వచ్చినాదా? నాను ముసిల్దాన్ని, నాకంటుకుంటే పోయేదేటుంది?"

దమయంతి చెప్పేసింది. గడ్డ సంగతి, నిలుపు సంగతి, మందు ఇంకా తయారు కావాలన్న సంగతి. ఒకసారి మొదలుపెట్టాక ఆపుకోలేకపోయింది.  అంతా విన్నాక పారమ్మ, "ఏ పక్క?" అంది.

"ఎడం పక్కత్తా."

"ఇన్నాల్లూ ఒక్కద్దానివే మోసినావా?" అంది. కళ్లు తుడుచుకోలేదు. లేచి పెరట్లోకి వెళ్లింది. కాసేపటికి పుల్లలు విరిచిన చప్పుడు, కాగు పొయ్యి మీద పెట్టిన చప్పుడు వినిపించాయి. మళ్లీ వచ్చి చెయ్యి చాపింది.

"లే. నీల్లు పోత్తాను."

"వద్దత్తా. రుద్దకూడదన్నారు."

"నాను రుద్దుతానేటి? నిన్న పుట్టిన పసిగుంటలకి పోసిన సెయ్యే ఇది. నీకు తెలీకుండా పోత్తాను, రా."

వద్దని గట్టిగా చెప్పి ఉండొచ్చు. ఎలుక తోక మీది గీరు దమయంతికి గుర్తుంది. డాక్టరు మాటలు వరసగా అప్పజెప్పగలదు. అయినా చాపిన ఆ చెయ్యి అక్కడే ఉంది. ఆమె దాన్ని పట్టుకుని లేచింది.

తడికె చాటున పీట మీద కూర్చుంది. పారమ్మ గోరువెచ్చటి నూనె మాడు మీద పోసి అరచేత్తో అద్దింది. నిజంగానే తేలిగ్గా అద్దింది. సున్నిపిండి నీళ్లలో పలచగా కలిపి భుజాల మీద రాసింది. ఆవిడ చెయ్యి నడుం దగ్గర మొదలై వీపు మీదుగా మెడ దాకా వెళ్లి, మళ్లీ నడుం దగ్గరకొచ్చింది. ఎన్ని ఇళ్లలో ఎంతమంది పిల్లలు ఈ చెయ్యి కింద ఏడుపు మాని నిద్రపోయారో. ఎడమ రొమ్ము దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగాయి. గడ్డ చుట్టూ ఒక్కసారి మెల్లగా తిరిగి, పసిబిడ్డ మెత్తటి మాడును తప్పించుకుని పోయినట్టు పక్కకు జరిగాయి.

జబ్బు పేరు విన్న రోజు నుంచీ రాని ఏడుపు దమయంతికి అప్పుడు వచ్చింది.

"నొప్పెడతందేటే? ఆపీమంటావా?"

"ఆపకత్తా. వీపు మీద ఇంకాస్త. ఇంకాస్త గట్టిగా."

పారమ్మ ఆగి చూసింది. "గట్టిగానా?"

"ఊఁ."

ఆవిడ కోడలి మాట విన్నది. దమయంతి తల మోకాళ్ల మీద ఆనించి, ఆ చేతి బరువు కింద కళ్లు మూసుకుంది. తర్వాత పారమ్మ సాంబ్రాణి పొగ వేసి తల ఆరబెట్టింది. ఆ సాయంత్రం దమయంతి పడుకుంటే మర్నాడు ఎండెక్కేదాకా మెలకువ రాలేదు.

లేచాక వీపు చురుక్కుమంటోంది. మధ్యాహ్నానికి రవిక ఒంటికి అంటుకుపోయింది. ఊడదీసి చూడమని అత్తను పిలిచింది. పారమ్మ రవిక వెనక్కి తీసి, అలాగే ఉండిపోయింది. వీపంతా కాదు, బద్దలు బద్దలుగా చర్మం లేచిపోయి ఉంది. నడుం దగ్గర వెడల్పుగా మొదలై, మెడ వైపు సన్నబడుతూ, మళ్లీ పక్కన ఇంకో బద్ద. తన చెయ్యి ఎలా నడిచిందో ఆవిడకు తెలియకపోవడమేమిటి. రవిక మెల్లగా కిందికి వదిలేసి, పెరట్లోకి వెళ్లి, చేతులు నీళ్ల తొట్టిలో ముంచి అక్కడే కూర్చుండిపోయింది. కూర్మారావు వచ్చేదాకా లేవలేదు.

కేంద్రంలో డాక్టర్ మృదుల కట్టు విప్పి చూసింది.  చీము మొదలైంది. దమయంతి ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది.

"స్నానం మీరే చేశారా?"

"నేనే మేడంగారూ."

"వీపు మధ్యకు మీ చెయ్యి అందదు."

దమయంతి తల దించుకుంది. "నేనే రుద్దమన్నాను. గట్టిగా రుద్దమన్నదీ నేనే."

"నేను చెప్పానా లేదా?" డాక్టరు గొంతు మొదటిసారి పెరిగింది. "మీ ఇద్దరికీ చెప్పానా లేదా? ఎంతమంది ఎన్నేళ్లు పనిచేస్తే ఇక్కడిదాకా వచ్చిందో తెలుసా మీకు?"

"చెప్పారు మేడంగారూ."

"మరెందుకు?"

"సూది వేసిన దగ్గర్నుంచీ నన్నెవరూ ముట్టుకోలేదు."

 డాక్టరు తన చేతులకున్న రబ్బరు తొడుగుల వైపు ఒకసారి చూసుకుంది. ప్రతివారం ఆ గోళ్లను పట్టుకుని చూసింది తనే. కానీ ఈ మాట ఆమె ఎప్పుడూ అడగలేదు.

తర్వాత మామూలు గొంతుతో చెప్పింది. నిలుపు తీస్తే చర్మం పుడుతుంది, పుండు మానుతుంది. కానీ ఇన్నాళ్లూ ఆగినవన్నీ ఒక్కసారిగా కదులుతాయి. గడ్డ కూడా. తియ్యకపోతే చీము రక్తంలోకి ఎక్కుతుంది. ఎక్కితే ప్రాణం పోవడానికి గడ్డ దాకా ఆగక్కర్లేదు.

"మళ్లీ నిలపొచ్చు కదా మేడమ్, పుండు మానినాక?" అన్నాడు కూర్మారావు.

"ఒంటికి అది రెండోసారి ఎక్కదు."

"మందు?"

"ఇంకా కాలేదు."

కూర్మారావు గోడకు తల ఆనించాడు. "అమ్మ సేసింది. నా పెళ్లాన్ని మా అమ్మే..."

"ఆపు," అంది దమయంతి. జ్వరంలో కూడా గొంతు గట్టిగానే వచ్చింది. "ఇంటికెల్లి అత్తనొక్క మాటన్నావంటే నానూరుకోను. గ్లాసు కింద పెట్టి పారిపోయింది నువ్వు కాదేటి?"

 అతను మంచం దగ్గరకొచ్చి, ఎక్కడ పట్టుకోవాలో తెలియక, ఆమె కప్పుకున్న దుప్పటి అంచు పట్టుకున్నాడు.

దమయంతి డాక్టరు వైపు తిరిగింది. "తీసేయండి మేడంగారూ."

నిలుపు విప్పే సూది పొడిచాక మొదట వచ్చింది ఆకలి. తట్టుకోలేని ఆకలి. కారం వేసిన అన్నం తెప్పించుకుని ముద్ద మీద ముద్ద మింగింది. నాలుక మండింది, మంట కమ్మగా అనిపించింది. తర్వాత ఒళ్లంతా దురద. తల మీద, కనుబొమ్మల మీద, వేళ్ల సందుల్లో. వీపు మీద చర్మం అల్లుకుంటున్నట్టు తెలుస్తోంది. ఇంత బతికి ఉన్నట్టు ఆమెకు ఈ మధ్యకాలంలో ఎప్పుడూ అనిపించలేదు. ఆ సంతోషంలోనే రొమ్ము లోపల ఏదో సలుపుతూ లాగడం కూడా తెలిసింది. రెండింటినీ విడదీసి చూడటం ఆమెకు చేతకాలేదు.

డాక్టర్ మృదుల గడ్డ నుంచి ఇంకో ముక్క తీసుకెళ్లింది. వీపు దాదాపు మానాక ఒక ఉదయం వచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె ముఖం చూసి దమయంతే ముందు అడిగింది.

"కొలత మారిపోయిందా మేడంగారూ?"

"మారిపోయింది. మీకోసం చేస్తున్నది ఇక మీకు పట్టదు."

"మళ్లీ కొలిచి చేస్తే?"

"అంత సమయం అది ఇవ్వదు. రేపటి నుంచి పాత మందులు మొదలుపెడదాం. పూర్వం నుంచీ అందరికీ ఇస్తున్నవే."

"పనిచేస్తాయా?"

డాక్టరు లేచి కుర్చీ వెనక్కి జరిపింది. "కొంతమందికి చేస్తాయి," అంది.

ఆమె వెళ్లిన కాసేపటికి పారమ్మ వచ్చింది. ఊరి నుంచి బస్సులో ఒక్కతే వచ్చింది. మంచానికి ఎడంగా నిలబడింది. చేతులు రెండూ పైట కింద దాచుకుని ఉన్నాయి.

"కూకో అత్తా. మేఘన తింటందా?"

"తింటంది. నిన్నే అడుగుతంది."

"ఊళ్లో ఎవులికి నీల్లు పోత్తన్నావిప్పుడు?"

"ఎవులికీ పొయ్యట్నేదు. మానీసినాను," అంది పారమ్మ. "డాక్టరమ్మేటన్నాది?"

"రేపట్నించి మందులు మొదలెడతారట."

"నీ కోసం సేత్తన్నామన్నారు, అదేనా?"

"కాదత్తా. అందరికీ ఇచ్చేవే."

పారమ్మ పెదవులు కదిలాయి. "నా సేతులిరిగిపోనూ," అంది. 

కిటికీలోంచి ఎండ మంచం మీదకు వచ్చింది. పక్క మంచాల మీద ఆడవాళ్లు, వాళ్ల దగ్గర కూర్చున్న వాళ్ల మనుషులు ఏవో మాట్లాడుకుంటున్నారు. దమయంతి అత్త వైపు వీపు తిప్పి కూర్చుంది.

"దురదగా ఉన్నాదత్తా. నా సెయ్యందట్నేదు."

పారమ్మ కదల్లేదు.

"ఇంక పరవానేదు. ఇంక నన్నెవులు ముట్టుకున్నా ఏటీ అవదు."

చాలాసేపటికి ఆ చేతులు పైట కిందినుంచి బయటికొచ్చాయి. ఆసుపత్రి చొక్కా ముడి విప్పాయి. లోపల వీపు గులాబీ రంగులో, పలచగా, నున్నగా మెరుస్తోంది. పారమ్మ అరచెయ్యి దాని మీద ఆనింది. మొదట ఊరికే ఆనింది. తర్వాత వేళ్లు కదిలాయి, నడుం దగ్గర నుంచి పైకి, భుజం మీదుగా పక్కలకు.

చంక కింద కొత్తగా తగులుతున్న గింజంత గడ్డ అత్త చేతికి అందకుండా దమయంతి ఎడమ చేతిని ఒంటికి దగ్గరగా నొక్కి పట్టుకుంది.